నీళ్లకు పరీక్ష ఉంది, మరి మీ ఊపిరికో?

ఒక గురువారం రాత్రి పదకొండు దాటాక నాకు ఫోన్ వచ్చింది. జగిత్యాల వైపు తమ్ముడు. రియాద్‌లో ఒక కాంట్రాక్టు కంపెనీలో మేస్త్రీ పని చేస్తాడు. తెల్లారితే జుమ్మా, సెలవు. అందరూ తిని పడుకునే వేళకు క్యాంపు ముందు బండి ఆగింది. "నీళ్ల బోరు ఆగిపోయింది, ఒక ఏరియా మొత్తానికి నీళ్లు లేవు, ఎమర్జెన్సీ, ఎనిమిది మంది ఎక్కండి" అని ఫోర్‌మన్ పిలిచాడట.

తమ్ముడు బండిలోంచే గొంతు తగ్గించి అడిగాడు: "అన్నా, పోనంటే ఇంటికి పంపిస్తరా?"

నాకు వెంటనే జవాబు రాలేదు. "ముందు నిన్ను ఎక్కడికి దిగమంటున్నారో చెప్పు తమ్ముడూ" అన్నాను.

"బోరుల కాదన్నా. బోరు పక్కన వాల్వు గుంట ఉందట. అండ్ల నీళ్లు నిండినయంట. తోడేసి, దిగి బోల్టులు విప్పాలంటున్నరు."

ముందే చెప్తున్నాను, కంగారు పడకండి. అతను క్షేమంగా తిరిగొచ్చాడు. కానీ ఆ రాత్రి అతను అడిగిన ప్రశ్నకు జవాబు తెలియకపోవడం నన్ను చాలా రోజులు సతాయించింది. నేను చదివింది బీకాం. ఇంజనీర్ని కాదు, వకీలును కాదు. ఆ తర్వాత లేబర్ చట్టం తీసి చదివాను, బోర్ల పని తెలిసినవాళ్లను అడిగాను. తెలుసుకున్నది మీకు చెబుతున్నాను. ఇలాంటి పిలుపు రేపు మీకు కూడా రావచ్చు.

మన ఊరి బోరు వేరు, ఇక్కడి బోరు వేరు

మనలో చాలామందికి బోరు కొత్త కాదు. మోటరు కాలిపోతే మూడు కాళ్ల స్టాండు వేసి, చైన్ పుల్లీ కట్టి, పైపు మీద పైపు విప్పుకుంటూ పైకి లాగినవాళ్లమే. పొలం ఎండిపోతుంటే రాత్రికి రాత్రే లాగి, మెకానిక్కు దగ్గరికి మోటరు మోసుకెళ్లినవాళ్లమే. అందుకే "బోరు రిపేరు" అనగానే మనకు భయం వేయదు. అసలు చిక్కు కూడా అక్కడే ఉంది.

రియాద్ నగరం సముద్రానికి చాలా దూరం, సముద్ర మట్టానికి సుమారు 600 మీటర్ల ఎత్తు. ఇక్కడికి వచ్చే నీళ్లలో పెద్ద భాగం తూర్పు తీరాన జుబైల్ వైపు సముద్రపు నీటిని శుద్ధి చేసి, వందల కిలోమీటర్ల పైపుల్లో ఎక్కించి తెచ్చేది. దానితో పాటు భూమిలోంచి తోడే నీళ్లు కూడా ఉన్నాయి. నగరం కింద 'మిన్‌జూర్' అనే ఇసుకరాతి పొర ఉంది. దాని కోసం 1,200 మీటర్లకు పైగా తవ్వాలి. మన లెక్కలో నాలుగు వేల అడుగులు. మన దగ్గర మూడు నాలుగు వందల అడుగులు వేయిస్తేనే అప్పుల పాలవుతాం కదా! అంత లోతు నుంచి వచ్చే నీళ్లు చల్లగా ఉండవు. 50, 60 డిగ్రీల వేడితో వస్తాయి. వాటిని ముందు చల్లార్చి, తర్వాత శుద్ధి చేసి నగరానికి పంపుతారు. నగరానికి ఉత్తరాన సల్బూఖ్, బువైబ్ అనే చోట్ల ఇందుకోసమే ప్లాంట్లు కట్టారు.

60 డిగ్రీల నీళ్లు ఒంటి మీద పడితే ఐదు సెకన్లలోనే చర్మం లోతుగా కాలిపోతుంది. మన ఊళ్లో బోరు పైపు ఊడితే ఒళ్లంతా తడిసి నవ్వుకుంటాం. ఇక్కడ పైపు ఊడితే ఆసుపత్రికే. ఇది మొదటి తేడా.

రెండో తేడా బరువు. పంపు నాలుగు వేల అడుగుల దాకా పోదు. ఒత్తిడికి నీళ్లు వాటంతటవే కొంత పైకి లేచి నిలబడతాయి, ఆ మట్టానికి కింద పంపు వేలాడుతూ ఉంటుంది. అయినా దాన్ని మోసే ఇనుప పైపులు, వాటిలోని నీళ్లు, కేబులు అన్నీ కలిస్తే టన్నుల లెక్క. చైన్ పుల్లీతో అయ్యే పని కాదు. క్రేన్ గానీ రిగ్గు గానీ కావాలి.

రిపేరు ఎలా జరుగుతుంది, ప్రమాదం ఎక్కడ ఉంటుంది

బోరు ఒక్కసారిగా ఆగిపోవడానికి కారణాలు చాలా ఉంటాయి. మోటరు కాలిపోవచ్చు. కేబులు మీది రబ్బరు వేడికి పాడై షార్ట్ కావచ్చు. వేడి నీళ్లు, ఉప్పు, వాయువులు ఏళ్ల తరబడి తినేసిన పైపు తెగి, పంపుతో సహా బోరులో పడిపోవచ్చు. నీళ్లు లోపలికి వచ్చే జల్లెడ పైపు సున్నం పట్టి మూసుకుపోవచ్చు. పైన వాల్వు పగిలి, గుంటంతా నీళ్లతో నిండిపోవచ్చు.

పని కూడా ఒక వరసలోనే నడుస్తుంది. మొదట కరెంటు ఆపాలి. ఆపడమంటే స్విచ్చు కిందికి దించడం ఒక్కటే కాదు. ఆ స్విచ్చుకు తాళం వేసి, తాళం చెవి పని చేసేవాళ్ల దగ్గర ఉండాలి. ఇలాంటి రాత్రి పదిమంది పది పనుల మీద తిరుగుతుంటారు. దూరాన ప్యానెల్ దగ్గర ఉన్నవాడు "అయిపోయిందేమో" అనుకుని స్విచ్చు ఎత్తితే చాలు. తాళం లేని స్విచ్చును ఆపిన స్విచ్చు అనుకోకండి.

తర్వాత పైన ఉన్న పైపులైను వాల్వు మూసి, లోపలి ఒత్తిడి వదిలించాలి. ఆ తర్వాతే బోల్టులు విప్పాలి. ఆపైన క్రేన్‌తో ఒక్కో పైపు లాగి, విప్పి, పక్కన పేర్చాలి. క్రేన్‌కు వేలాడుతున్న పైపు కింద ఎవరూ నిలబడకూడదు, చెయ్యి పెట్టి ఊపు ఆపకూడదు. దాన్ని తిప్పడానికి తాడు కడతారు, దూరం నుంచి ఆ తాడే పట్టుకోవాలి.

పంపు మార్చాక, దించాక, చివరి పని శుద్ధి. బోరులో గట్టి మోతాదు క్లోరిన్ పోసి, కొన్ని గంటలు ఉంచి, తోడి పారబోసి, శాంపిల్ తీసి ల్యాబుకు పంపుతారు. నీళ్లలో రోగాలు తెచ్చే క్రిములు ఉన్నాయా లేవా అని చూడటానికి దాదాపు ఒక రోజు పడుతుంది. ఆ కాగితం వచ్చాకే నీళ్లు నగరం లైనులోకి వదలాలి. ఇక్కడ ఒక జాగ్రత్త. సున్నం కరిగించడానికి కొన్నిసార్లు యాసిడ్ కూడా వాడతారు. యాసిడ్, క్లోరిన్ పొడి ఒకదానికొకటి తగిలితే విషవాయువు లేస్తుంది. ఒకే బకెట్, ఒకే గరిట రెండింటికీ వాడకండి. బాత్‌రూములు కడిగే అక్కలకు, తమ్ముళ్లకు కూడా ఇదే మాట. క్లోరాక్స్ లాంటి బ్లీచులో యాసిడ్ కలపకండి.

ఈ వరసంతా ఎందుకు చెప్పానంటే, ఒక్క విషయం గమనించండి. నగరం దాహంతో ఉన్నా సరే, ల్యాబు కాగితం వచ్చేదాకా నీళ్లను ఆపుతారు. ఒక రోజు ఆపుతారు. అది తప్పు కాదు, అలాగే చేయాలి. మరి నీళ్లకు ఒక రోజు ఆగగలిగినవాళ్లు, మిమ్మల్ని గుంటలోకి దించే ముందు పది నిమిషాలు గాలి పరీక్షకు ఆగలేరా?

అసలు మృత్యువు బోరులో లేదు, పక్క గుంటలో ఉంది

బోరులోకి మనిషి పట్టడు. మనిషి దిగేది దాని పక్కన ఉండే వాల్వు గుంటలోకి, పాత బావి అయితే బావిలోకి, నీళ్లు నిలవ చేసే భూమిలోపలి ట్యాంకులోకి. ఈ మూడూ ఒకటే జాతి. మూత ఉంటుంది, గాలి ఆడదు, దిగడానికి ఒకటే దారి.

మా ఊళ్లో నా చిన్నప్పుడు ఒక పాడుబావి ఉండేది. ఎండాకాలం పూడిక తీయడానికి దిగే ముందు మా పెద్దలు తాడుకు లాంతరు కట్టి లోపలికి వదిలేవారు. దీపం ఆరిపోతే ఎవరూ దిగేవారు కాదు. వేపకొమ్మలు కట్ట కట్టి పైకీ కిందికీ ఊపి గాలి ఆడించేవారు. చదువు లేకపోయినా వాళ్లకు ఆ జాగ్రత్త తెలుసు. కానీ లాంతరు చెప్పేది సగమే. ప్రాణవాయువు బాగా తగ్గితేనే దీపం ఆరుతుంది. విషవాయువు ఉన్నా దీపం వెలుగుతూనే ఉంటుంది. మండే వాయువు ఉంటే ఆ దీపమే పేలుడుకు నిప్పు. కాబట్టి ఇక్కడ లాంతరు, లైటరు, అగ్గిపుల్ల ఏదీ పనికిరాదు. గ్యాస్ మీటరు కావాలి.

మనం పీల్చే మామూలు గాలిలో ప్రాణవాయువు 20.9 శాతం ఉంటుంది. 19.5 కంటే తగ్గితే ఆ చోటికి దిగకూడదు. ఇంకా బాగా పడిపోతే మనిషి అరిచేలోపే స్పృహ తప్పవచ్చు. మూసి ఉన్న గుంటలో ఇనుము తుప్పు పట్టడం కూడా ప్రాణవాయువును తినేస్తుంది. అంటే విషం ఏదీ లేకపోయినా, ఖాళీగా, పొడిగా, శుభ్రంగా కనిపించే గుంట కూడా చంపగలదు.

రెండోది కుళ్లిన కోడిగుడ్డు వాసన వచ్చే వాయువు, హైడ్రోజన్ సల్ఫైడ్. గాలి కంటే బరువు, గుంట అడుగున కూర్చుంటుంది. నిలిచిన మురుగులో పుడుతుంది, కొన్ని బోర్ల నీళ్లతో కూడా వస్తుంది. దీని మోసం ఏమిటంటే, మొదట వాసన వస్తుంది. గాలిలో పదిలక్షల వంతుల్లో వంద వంతులకు చేరితే ముక్కు మొద్దుబారి వాసనే తెలియదు. "వాసన పోయింది, ఇప్పుడు ఫరవాలేదు" అనుకుని దిగినవాడు పైకి రాడు.

మూడోది మనమే తయారు చేసేది. నీళ్లు తోడడానికి పెట్రోలు, డీజిలు పంపును గుంటలోకి దించుతారు, లేదా గుంట అంచున పెడతారు. దాని పొగలో ఉండే కార్బన్ మోనాక్సైడ్‌కు రంగు లేదు, వాసన లేదు. ఇంజను పంపు ఎప్పుడూ గుంటకు దూరంగా, గాలి అటు వీచే వైపున ఉండాలి. లోపల వేసేది కరెంటు పంపే కావాలి, అది కూడా షాకు కొట్టకుండా ట్రిప్పు ఉన్నది.

ఇప్పుడు అన్నిటికంటే ముఖ్యమైన మాట. ఒకడు లోపల పడిపోతే మనం ఏం చేస్తాం? ఒకే రూములో ఉంటాం, ఒకే గిన్నెలో వండుకుంటాం. వెనకాముందు చూడకుండా దూకుతాం. అమెరికాలో పని ప్రమాదాల మీద పరిశోధన చేసే ప్రభుత్వ సంస్థ 1986లో ఒక హెచ్చరిక ఇచ్చింది. ఇలాంటి మూసిన చోట్ల చనిపోయినవారిలో 60 శాతానికి పైగా కాపాడబోయి దిగినవాళ్లేనని అందులో ఉంది. మన ఊళ్లలో కూడా బావిలో ఒకడి కోసం ఇంకొకడు, అతని కోసం మూడోవాడు పోయిన వార్తలు మీరు వినే ఉంటారు. ప్రేమ ఉండటం మంచిదే. కానీ ఆ క్షణంలో ప్రేమ చూపించే పద్ధతి దూకడం కాదు. పైనుంచి తాడు లాగడం, బ్లోయరు పెట్టడం, 998కి సివిల్ డిఫెన్స్‌కు ఫోన్ చేయడం. రియాద్‌లో 911 అన్నిటికీ పనిచేస్తుంది.

అందుకే తాడు ముందే కట్టి ఉండాలి. దిగేవాడి ఒంటికి పట్టీ, పట్టీకి తాడు, తాడుకు పైన ఒక మనిషి. పైన ఉన్నవాడికి ఇంకే పనీ చెప్పకూడదు. సిగరెట్టుకు వెళ్లకూడదు, స్పానర్ తేవడానికి వెళ్లకూడదు. కళ్లు లోపల ఉన్నవాడి మీదే ఉండాలి.

ఆ రాత్రి తమ్ముడికి నేను ఫోన్‌లో చెప్పింది ఇంతే: "దిగనని చెప్పకు. గ్యాస్ చూశాక దిగుతానని చెప్పు." అతను అలాగే అన్నాడు. ఫోర్‌మన్ తిట్టాడట. "మీ ఊళ్లో బావులు తవ్వేవాళ్లే కదరా" అన్నాడట. మిగతా ఏడుగురూ కూడా కదలకుండా నిలబడేసరికి ఎవరికో ఫోన్ చేశాడు. ముప్పావు గంటకు సేఫ్టీ మనిషి మీటరు తెచ్చాడు. తాడుకు కట్టి దించితే సగం లోతులోనే అది కూయడం మొదలుపెట్టింది. బ్లోయరు తెప్పించి గాలి పెట్టి, మళ్లీ చూసి, మీటరు సరేనన్నాకే దిగారు. తెల్లారి ఏడింటికి పని అయింది. ఆ ముప్పావు గంట ఆలస్యానికి నగరానికి ఏమీ కాలేదు.

'ఎమర్జెన్సీ' అంటే చట్టం ఏం చెబుతుంది

ఫోర్‌మన్ "ఎమర్జెన్సీ" అనగానే మనం చట్టం మొత్తం ఆగిపోయిందనుకుంటాం. అలా కాదు. కొన్ని సడలుతాయి, కొన్ని సడలవు. ఏవేవో తెలిసి ఉండాలి.

సడలేవి ముందు చెప్తాను, ఎందుకంటే తప్పు మాట చెప్పి మిమ్మల్ని ఇరికించకూడదు.

ఒకటి, మధ్యాహ్నం ఎండ నిషేధం. సౌదీలో జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 వరకు మధ్యాహ్నం 12 నుంచి 3 దాకా ఎండలో పని చేయించకూడదు. కానీ అత్యవసర మరమ్మతు పనివాళ్లకు ఇందులో మినహాయింపు ఉంది. నీళ్ల బోరు రిపేరు దాని కిందికి రావచ్చు. అయితే ఆ మినహాయింపుకు షరతు ఉంది. ఎండ నుంచి కాపాడే ఏర్పాట్లు కంపెనీ చేయాలి. నీడ, చల్లని నీళ్లు, మార్చి మార్చి విశ్రాంతి అడగండి.

రెండు, పని గంటలు. మామూలుగా రోజుకు 8, వారానికి 48 గంటలు. పెద్ద ప్రమాదాన్ని ఆపడానికి, జరిగిన ప్రమాదాన్ని సరిచేయడానికి పెంచవచ్చని లేబర్ చట్టం 106వ అధికరణ చెబుతుంది. కానీ అక్కడే గీత కూడా గీసింది. రోజుకు 10 గంటలు, వారానికి 60 గంటలు దాటకూడదు.

మూడు, వేరే పని. ఇకామాలో మేస్త్రీ అని ఉంటే బోరు పనికి పంపవచ్చా? మీరు ఒప్పుకుని సంతకం పెట్టకుండా పూర్తిగా వేరే పని చేయించకూడదని 60వ అధికరణ చెబుతుంది. తాత్కాలికంగా తప్పనిసరి పరిస్థితి వస్తే పంపవచ్చు. అది కూడా ఏడాదికి 30 రోజులు మించకూడదు. అంటే ఒక్క రాత్రి పిలిస్తే "నాది ఈ పని కాదు" అనే మాట నిలబడకపోవచ్చు. "ఈ పని నాకు నేర్పలేదు, నేర్పి దించండి" అనే మాట నిలబడుతుంది. పనిలో ఉన్న ప్రమాదం ముందే చెప్పడం, రక్షణ సామాను ఇవ్వడం, వాడకం నేర్పడం యజమాని బాధ్యత. దానికి మీ జీతంలో ఒక్క రియాల్ కూడా కోయకూడదు.

నాలుగు, 65వ అధికరణ. పని చేసే చోటుకు గానీ అక్కడ ఉన్న మనుషులకు గానీ విపత్తు ముంచుకొస్తే, అదనపు డబ్బు అడగకుండా సాయం చేయాలని ఇందులో ఉంది. కొందరు సూపర్‌వైజర్లు ఓటీ ఎగ్గొట్టడానికి దీన్ని చూపిస్తారు. మీ సైటు తగలబడుతుంటే నీళ్లు పోయడం ఈ మాట కిందికి వస్తుంది. ఎక్కడో ఉన్న బోరు బాగుచేయడానికి కంపెనీ కాంట్రాక్టు తీసుకుని, మిమ్మల్ని బండెక్కించి రాత్రంతా చేయించేది పని. పనికి డబ్బు ఉంది.

ఇక సడలనివి చెప్తాను. మీ ఓటీ సడలదు. మీ రక్షణ సడలదు. ప్రమాదం ఉందని యజమానికి తెలిసి కూడా దాన్ని తొలగించకపోతే, నోటీసు లేకుండా ఉద్యోగం వదిలే హక్కు, రావలసినవన్నీ తీసుకునే హక్కు 81వ అధికరణ ఇస్తుంది. కానీ దయచేసి ఒక మాట వినండి. కోపంలో సైటు వదిలి, క్యాంపు వదిలి వెళ్లిపోకండి. పారిపోయాడని రిపోర్టు రాస్తే మీకే చిక్కు. అక్కడే ఉండండి. ఆ ఒక్క పని మాత్రమే ఆపండి, మిగతా పని చేయండి. కారణం వాట్సాప్‌లో రాసి పంపండి.

లెక్క మీ చేతిలో ఉండాలి

ఇది నాకు బాగా వచ్చిన సంగతి. 107వ అధికరణ ప్రకారం ఓటీ గంటకు మీ గంట జీతం, దాని మీద బేసిక్‌లో గంటకు వచ్చే దాంట్లో సగం కలపాలి. జుమ్మా నాడు, ఈద్ సెలవుల్లో చేసిన ప్రతి గంటా ఓటీయే.

ఒక ఉదాహరణ. బేసిక్ 1,200 రియాళ్లు, అలవెన్సులు ఏవీ లేవనుకుందాం. 30 రోజులతో భాగిస్తే రోజుకు 40. ఎనిమిది గంటలతో భాగిస్తే గంటకు 5 రియాళ్లు. దానికి సగం, రెండున్నర కలిపితే ఓటీ గంటకు ఏడున్నర. రాత్రి పదకొండున్నర నుంచి పొద్దున ఏడు వరకు ఏడున్నర గంటలు. ఏడున్నరను ఏడున్నరతో హెచ్చిస్తే 56 రియాళ్ల 25 హలాలాలు. మీకు భోజనం అలవెన్సు లాంటివి ఉంటే గంట జీతం ఇంకొంచెం పెరుగుతుంది.

2025 ఫిబ్రవరి నుంచి అమల్లో ఉన్న సవరణ ప్రకారం, మీరు ఒప్పుకుంటే డబ్బుకు బదులు జీతంతో కూడిన సెలవు ఇవ్వవచ్చు. "మీరు ఒప్పుకుంటే" అన్నది ముఖ్యం.

ఒక చిన్న నోటు పుస్తకం పెట్టుకోండి. తేదీ, బండి ఎక్కిన టైం, దిగిన టైం, చోటు, ఎవరు పిలిచారు, ఎవరెవరు వచ్చారు. పోతూ పోతూ మీ వాట్సాప్‌లో మీకు మీరే లొకేషన్ పంపుకున్నా చాలు. జగిత్యాల తమ్ముడికి ఆ నెల జీతంలో ఓటీ పడలేదు. ఎనిమిది మంది టైములు ఒకే కాగితం మీద రాసి ఆఫీసులో ఇచ్చారు. మరుసటి నెల నాలుగు గంటలకు ఇచ్చారు, మిగతా మూడున్నరకు ఇంకా అడుగుతూనే ఉన్నారు. కాగితం లేకపోతే ఆ నాలుగు కూడా వచ్చేవి కావు.

దెబ్బ తగిలితే ఆ రోజే, ఎంత చిన్నదైనా, రాతలో చెప్పండి. కంపెనీ పనివాళ్లందరికీ, విదేశీయులైనా సరే, గోసి కింద పని ప్రమాదాల బీమా ఉంటుంది. దానికి జీతంలో 2 శాతం యజమానే కడతాడు, మీ దగ్గర కోయకూడదు. "రూములో జారిపడ్డాడు" అని రాస్తే ఆ బీమా అందదు. సంతకం పెట్టే ముందు ఆ కాగితం చదివించుకోండి.

ఇళ్లలో పనిచేసే అక్కలకు, డ్రైవర్ తమ్ముళ్లకు

బోరు ఆగిన రాత్రి సైటులో ఉన్నవాళ్ల కష్టం ఒకటైతే, నీళ్లు ఆగిన ఇంట్లో మీ కష్టం ఇంకొకటి. ట్యాంకర్ వచ్చేదాకా మేలుకోవాలి. బకెట్లతో మెట్లెక్కాలి. పిల్లల స్నానాలు, గిన్నెలు, బట్టలు అన్నీ పేరుకుపోతాయి. నీళ్లు వచ్చాక, అందులో మట్టి కనబడితే, "కింద ట్యాంకు కడుగు" అంటారు.

ఈ ఆఖరి మాట దగ్గర ఆగండి. విల్లాల కింద ఉండే నీళ్ల ట్యాంకు కూడా నేను పైన చెప్పిన గుంట జాతిదే. తాగే నీళ్లది కదా, అందులో విషం ఏముంటుంది అనుకోకండి. మూత వేసి ఉంటుంది, గాలి ఆడదు. కడగడానికి క్లోరాక్స్ పోస్తే ఆ ఘాటు బయటికి పోయే దారి లేదు. ఒంటరిగా మాత్రం అసలు దిగకండి. ట్యాంకులు కడిగే కంపెనీలు ఉన్నాయి, వాళ్లను పిలవమని చెప్పండి. "బాబా, ఖతర్" అని మర్యాదగా చెప్తే అర్థమవుతుంది. ఖతర్ అంటే ప్రమాదం.

ఇళ్లలో పనివాళ్లకు మామూలు లేబర్ చట్టం వర్తించదు. మీకు విడిగా నియమాలు ఉన్నాయి. 2024 అక్టోబర్ నుంచి కొత్తవి అమల్లోకి వచ్చాయి. రోజుకు పది గంటలకు మించి పని ఉండకూడదు. వారానికి 24 గంటల సెలవు ఉండాలి. మీ ఆరోగ్యానికి ప్రమాదమైన పని చెప్పకూడదు, కఫీల్ తమ్ముడి ఇంటికో అక్క ఇంటికో పంపి చేయించకూడదు. ఒక రాత్రి నీళ్లు రాక మేలుకున్నారంటే మనుషుల మధ్య సర్దుబాటు అనుకోవచ్చు. కానీ మరుసటి రోజు పడుకునే టైం అడగండి.

ఎలా అడగాలి

మన సైట్లలో నడిచేది హిందీ, ఉర్దూ. అందరికీ వచ్చే ఒక్క ముక్క బట్టీ పట్టండి: "పహలే గ్యాస్ చెక్ కరో, ఫిర్ ఉతరేంగే." ముందు గ్యాస్ చూడండి, తర్వాత దిగుతాం. ఇందులో ఎదిరింపు లేదు, పని మానేస్తాననే మాట లేదు. చేస్తాననే ఉంది.

ఒక్కరే అడిగితే బద్ధకం అంటారు. ఎనిమిది మంది ఒకే మాట అంటే మీటరు వస్తుంది. కాబట్టి ఈ కాగితం మీ రూములో అందరికీ చదివి వినిపించండి. పిలుపు వచ్చాక మాట్లాడుకోవడానికి టైం ఉండదు. ఈ జుమ్మా నాడే వంట దగ్గర కూర్చుని మాట్లాడుకోండి.

దిగే ముందు ఈ ఐదూ చూసుకోండి.

1. కరెంటుకు తాళం పడిందా? చెవి ఎవరి దగ్గర ఉంది?
2. మీటరు పైన, మధ్యలో, అడుగున మూడు చోట్లా చూశారా? ప్రాణవాయువు 19.5 పైన ఉందా?
3. బ్లోయరు నడుస్తోందా? ఇంజను పంపు దూరంగా ఉందా?
4. ఒంటికి పట్టీ, తాడు ఉన్నాయా? పైన మనిషి ఉన్నాడా?
5. 998, 997 అంబులెన్స్, రియాద్‌లో 911. ఏ చోటో చెప్పడానికి లొకేషన్ ఎవరి ఫోన్‌లో ఉంది?

జీతం, ఓటీ, పని గంటల గురించి ఫిర్యాదుకు మంత్రిత్వ శాఖ నంబరు 19911. మొదట రాజీ ప్రయత్నం చేస్తారు, కుదరకపోతే లేబర్ కోర్టు. ఉద్యోగం ముగిశాక 12 నెలలు దాటితే కేసు తీసుకోరు, ఆలస్యం చేయకండి. భారత రాయబార కార్యాలయంలో, 'మదద్' పోర్టల్‌లో కూడా రాయించవచ్చు. రాయడం రాకపోతే మాలాంటి వాలంటీర్లం ఉన్నాం, అడగడానికి మొహమాటపడకండి.

"పోనంటే ఇంటికి పంపిస్తరా?" అన్న తమ్ముడి ప్రశ్నకు ఇప్పుడు నా జవాబు ఇది. పోనని చెప్పాల్సిన పనే లేదు. నగరానికి నీళ్లు కావాలి, ఆ నీళ్లు తెచ్చే చేతులు మీవి. అది గౌరవమైన పని. పోండి. గాలి చూశాకే దిగండి. గంటలు రాసుకోండి. మీరు బాగుచేసిన బోరు నీళ్లు పరీక్ష పాసైతేనే జనం తాగుతారు. మీరు పీల్చే గాలి కూడా పరీక్ష పాస్ కావాలని అడగండి.